సైటు గూగుల్‌లో రాకపోతే ముందు ఏం చూడాలి?

చీమకుర్తిలో మీ బాబాయి గారి గ్రానైట్ ఫ్యాక్టరీకి సైటు పెట్టి నెలలు గడిచినా, పేరు కొట్టినా గూగుల్‌లో రావట్లేదని, ఎవరైనా బ్లాక్ చేశారేమో తెలుసుకోవడం ఎలాగని అడిగారు. నేను ఒంగోలులో ఉంటాను, ఆ చుట్టుపక్కల ఫ్యాక్టరీల సైట్లు కొన్ని నేనే చూస్తుంటాను. కొత్త సైట్లలో నాకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే.

మీ డొమైన్ పేరు చివర స్లాష్ పెట్టి రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ (robots.txt) అని కొట్టండి. సైటులో ఏవి చదవొచ్చో, ఏవి చదవకూడదో గూగుల్ లాంటి వాటికి చెప్పే ఫైలు అది. యూజర్-ఏజెంట్ పక్కన నక్షత్రం గుర్తు (*), దాని కింద డిస్‌అలౌ పక్కన ఒక్క స్లాష్ మాత్రమే ఉంటే సైటు మొత్తానికి అడ్డం పెట్టినట్టే. డిస్‌అలౌ పక్కన ఏమీ లేకపోతే కంగారు పడకండి, అంతా తెరిచి ఉన్నట్టు లెక్క.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. కానీ అసలు చిక్కు పేజీ లోపల ఉంటుంది. కంప్యూటర్‌లో పేజీ తెరిచి కంట్రోల్, యు నొక్కి, వచ్చిన కోడ్‌లో నోఇండెక్స్ (noindex) అనే మాట వెతకండి. చీమకుర్తిలోనే ఒక ఫ్యాక్టరీ వాళ్లకి సైటు కట్టిన కుర్రాళ్లు "రోబోట్స్ ఫైలు బాగానే ఉంది, గూగులే లేటు చేస్తోంది" అని చెప్తూ వచ్చారు. నేను సోర్స్ తెరిస్తే పైనే, సెర్చ్ ఇంజన్లకు సూచనలు రాసే రోబోట్స్ మెటా ట్యాగ్‌లో, నోఇండెక్స్, నోఫాలో అని ఉంది. సైటు కట్టే సాఫ్ట్‌వేర్ అయిన వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్‌లో రీడింగ్ కింద, సెర్చ్ ఇంజన్లను రానివ్వొద్దనే టిక్కు సైటు కట్టేటప్పుడు పెట్టి అలాగే వదిలేశారు. 2019లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి ఆ టిక్కు రోబోట్స్ ఫైలులో డిస్‌అలౌ రాయదు, పేజీలో నోఇండెక్స్ పెడుతుంది. అందుకే ఫైలు చూస్తే ఏ తప్పూ కనపడదు.

ఈ రెండూ వేరు వేరు పనులు. రోబోట్స్ ఫైలు పేజీని చదవొద్దంటుంది, నోఇండెక్స్ జాబితాలో చూపించొద్దంటుంది. బయటి సైట్ల నుంచి లింకులుంటే, చదవకుండానే ఆ అడ్రస్‌ను గూగుల్ చూపించవచ్చు. డీలర్లకిచ్చే రేట్ల పేజీ దాద్దామని కొందరు రెండూ కలిపి పెడతారు. అప్పుడు గూగుల్ పేజీ తెరవదు కాబట్టి లోపలున్న నోఇండెక్స్ దానికి కనపడనే కనపడదు. పైగా రోబోట్స్ ఫైలు ఎవరైనా తెరిచి చదవొచ్చు, మీ రేట్ల పేజీ అడ్రస్ మీరే రాసిపెట్టినట్టవుతుంది. రేట్లకి పాస్‌వర్డే పెట్టండి.

స్లాబుల కేటలాగు పీడీఎఫ్‌గా పెట్టి ఉంటే దానికి మెటా ట్యాగ్ ఉండదు. ఫైలుతో పాటు సర్వర్ పంపే సమాచారంలో, అంటే హెడర్లలో, ఎక్స్-రోబోట్స్-ట్యాగ్ ఉందేమో చూడాలి. బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, ఆ పీడీఎఫ్‌ని రీలోడ్ చేసి, జాబితాలో దాని పేరు నొక్కితే హెడర్లు కనపడతాయి.

సైటు మీదే కాబట్టి అన్నిటికన్నా నమ్మదగ్గది సెర్చ్ కన్సోల్, అంటే సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే సాధనం. యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో అడ్రస్ ఇస్తే క్రాల్‌కి (పేజీ చదవడానికి) అనుమతి ఉందా, ఇండెక్స్‌కి (జాబితాలో చేర్చడానికి) అనుమతి ఉందా అని విడివిడిగా చెప్తుంది. మొదట వచ్చేది పాత సమాచారం. ఇప్పటి పరిస్థితి కావాలంటే లైవ్ టెస్ట్ నొక్కాలి. టిక్కు తీసేశాక పేజీల కాపీలు దాచిపెట్టే క్యాష్ ప్లగిన్ ఉంటే దాన్ని ఖాళీ చేసి, సోర్స్ మళ్లీ చూసి, అప్పుడు రిక్వెస్ట్ ఇండెక్సింగ్ ఇవ్వండి. అన్నీ బాగుండి కూడా రాకపోతే లైవ్ టెస్ట్‌లో ఏమొచ్చిందో ఇక్కడ రాయండి, చూస్తాను.