దేవరకు అద్దె టాయిలెట్లు: ముందు ట్యాంకు లెక్క చూసుకో

అన్నా, మీ ఊరి దేవరకు (గ్రామదేవత జాతరకు) ఆరు వందల మంది చుట్టాలు వస్తారు, అద్దె టాయిలెట్లు ఎన్ని తెప్పించాలి అని అడిగినావు కదా. అనంతపురం దగ్గర మా అక్క పెళ్లికి నాలుగే తెప్పించి తప్పు చేసినాం, మధ్యాహ్నం బంతి లేవకముందే రెండు నిండిపోయాయి. ట్యాంకు 200 లీటర్లు అనుకో, మనవాళ్లు మగ్గుతో మనిషికి రెండు మూడు లీటర్లు పోస్తారు, డెబ్బై ఎనభై మందికే సరి! అందుకే యాభై మందికి ఒకటి లెక్కన పన్నెండు పెట్టించు, సగానికి పైగా ఆడవాళ్లకే. లైటు వెలుగుతుందా, లోపల గడియ పడుతుందా దగ్గరుండి చూడు (మాకు ఒకదానికి గడియ లేక చున్నీతో కట్టుకున్నారు).

అసలు తలనొప్పి ఖాళీ చేయడం. బండి రోజుకు ఎన్నిసార్లు వస్తుంది, తీసింది ఎక్కడ పోస్తారు, ఇవి అడ్వాన్స్ ఇవ్వకముందే తేల్చుకో. వంకలో వదిలేస్తామంటే వద్దను. మనుషులతో చేత్తో మలం ఎత్తించడం 2013 నాటి పాకీపని నిషేధ చట్టం ప్రకారం నేరం. డబ్బాలు బోరుకు దూరంగా, ఖాళీ చేసే బండి పైపు అందేంత దగ్గర్లో, వేపచెట్టు నీడన పెట్టించు, మన ఎండకు లోపల ఉడికిపోతారు.