డ్రైవరులో డంప్ మీట పెట్టబోతున్న మేనల్లుడికి

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఫర్మ్‌వేర్ (వైఫై కార్డు లోపల నడిచే ప్రోగ్రాం) కూలకపోయినా వాడుకరి తానే అడిగి డంప్ (ఆ క్షణంలో కార్డు మెమరీ, స్థితుల నకలు) తీసుకునే వీలు మీ వైఫై డ్రైవరులో పెట్టవచ్చా అని రాశావు. తప్పక పెట్టు. ఆటోనగర్‌లో మెకానిక్ ముందు నిలబెట్టేసరికి బండి చప్పుడు మానేసినట్టే, వాడుకరి దగ్గర రోజూ కనిపించే లోపం మన ల్యాబుకు వచ్చేసరికి మాయమవుతుంది. కాబట్టి లోపాన్ని కళ్లారా చూస్తున్నవాడి చేతిలోనే ఆ మీట ఉండాలి.

ఇక్కడి ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఉష్ణోగ్రతలు పంపే పెట్టె వైఫై అప్పుడప్పుడు మూగబోయేది. ఫర్మ్‌వేర్ కూలేది కాదు కనుక దానంతట అది డంప్ వచ్చేది కాదు. నేను మీటనైతే పెట్టాను గాని, డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో (లోపాలు వెతికేవారి కోసం లినక్స్ ఇచ్చే ఫైళ్ల చోటు) పెట్టాను. ఆ పెట్టెలో డీబగ్‌ఎఫ్‌ఎస్‌ను మౌంట్ చేయనే లేదు. మూడు వారాలు వృథాగా పోయాయి, తప్పు పూర్తిగా నాదే.

నువ్వు ఆ దారి పట్టవద్దు. 2018లో వచ్చిన లినక్స్ 4.17 నుంచి డ్రైవరు నిర్మాణంలోనే కోర్‌డంప్ అనే కాల్‌బ్యాక్‌కు (మనం రాసి ఉంచితే అవసరమైనప్పుడు కర్నెల్, అంటే లినక్స్ మూలభాగం, పిలిచే ఫంక్షన్‌కు) చోటుంది. దాన్ని నింపితే, నీ డ్రైవరుకు బైండ్ అయిన (జతపడిన) పరికరం కింద సిస్‌ఎఫ్‌ఎస్‌లో (పరికరాలను ఫైళ్లుగా చూపే చోటు) అదే పేరుతో ఒక ఫైలు వస్తుంది, అందులో ఏమి రాసినా కర్నెల్ నీ కాల్‌బ్యాక్‌ను పిలుస్తుంది. పోగుచేసిన సమాచారాన్ని లినక్స్ 3.18 నుంచి ఉన్న డెవ్‌కోర్‌డంప్‌కు (డంప్‌ను వాడుకరికి ఫైలుగా అందించే కర్నెల్ భాగం) అప్పగించు. సొంతంగా మరో ఫైలు కనిపెట్టవద్దు.

అసలు కష్టం కాల్‌బ్యాక్ లోపల ఉంది. కూలినప్పుడు తీసే డంప్‌కు పరికరం ఏ స్థితిలో ఉందో నీకు కొంత తెలుస్తుంది. వాడుకరి అడిగేది మాత్రం కార్డు విద్యుత్ పొదుపు కోసం నిద్రలో ఉన్నప్పుడో, మరో థ్రెడ్ ఫర్మ్‌వేర్‌ను తిరిగి ఎక్కిస్తున్నప్పుడో రావచ్చు. అందువల్ల ముందు రన్‌టైమ్ పీఎమ్ (కర్నెల్‌లోని విద్యుత్ పొదుపు వ్యవస్థ) ద్వారా కార్డును మేల్కొలిపి, ఫర్మ్‌వేర్‌ను తిరిగి ఎక్కించే రికవరీ వాడే మ్యూటెక్స్‌నే (ఒకసారి ఒక్క థ్రెడ్‌నే లోపలికి రానిచ్చే తాళం) తీసుకుని, ఆ తరువాతే రిజిస్టర్లను (కార్డు స్థితిని చూపే చిన్న గడులు) ముట్టుకో. నిద్రలో ఉన్న పీసీఐ కార్డును చదివితే అన్నీ ఎఫ్‌లే (హెక్స్ అంకెల్లో అన్నీ ఒకట్లే) వస్తాయి, చూసేవాడు వాటినే లోపమనుకుంటాడు. చదవగానే చెరిగిపోయే రిజిస్టర్లను వదిలెయ్యి, లేకపోతే నడుస్తున్న లింకు నీ డంప్ వల్లనే తెగిపోవచ్చు.

ఆ కాల్‌బ్యాక్ ఏ విలువనూ తిరిగి ఇవ్వదు కనుక, రాయడం సఫలమైనంత మాత్రాన డంప్ వచ్చినట్టు కాదు. మెమరీ దొరకకపోతే కర్నెల్ లాగ్‌లో ఒక వాక్యమైనా రాయి. వచ్చిన డంప్ కూడా ఎవరూ తీసుకోకపోతే 5 నిమిషాలకు చెరిగిపోతుంది, పాతది అక్కడ ఉండగా అదే పరికరం నుంచి వచ్చే కొత్తదాన్ని కర్నెల్ పారేస్తుంది. కనుక డంప్ కనబడగానే దాన్ని డిస్కుకు చేర్చి, పాతదాన్ని తొలగించే యూడెవ్ (పరికరం కనబడగానే చెప్పిన పని చేసే లినక్స్ సేవ) నియమాన్ని ప్యాకేజీతో కలిపి ఇవ్వు.

అనుమతుల సంగతి. ఆ కోర్‌డంప్ ఫైల్లో రూటు (అన్ని అధికారాలున్న వాడుకరి) మాత్రమే రాయగలడు, సౌకర్యం కోసమని దాన్ని అందరికీ తెరవవద్దు. వైఫై చిప్పు మెమరీలో నెట్‌వర్కు కీలు ఉండవచ్చు. అవి ఉండే చోట్లు నీకు తెలిస్తే డ్రైవరులోనే సున్నాలతో నింపు. మామూలు వాడుకరికి ఒక చిన్న సేవ ద్వారా అడిగే వీలు కల్పించి, వరుసగా నొక్కుతూ పోతే ఆ సేవే ఆపేలా చూడు.

కార్డు నిద్రలో ఉండగా ఒకసారి, ఫర్మ్‌వేర్ ఎక్కుతుండగా ఒకసారి, డ్రైవరును అన్‌బైండ్ చేస్తుండగా ఒకసారి ఆ ఫైల్లో రాసి చూశాక ప్యాచ్ నాకు పంపు.

మీ మామయ్య