గ్రానైట్‌కు పుట్టిల్లు ఏది?

ప్రశ్న: మాస్టారూ, మా ఆయన గ్రానైట్ పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తారు. 'గ్రానైట్' అనే మాట సంస్కృతం 'గ్రావం' (రాయి) నుంచే పుట్టిందని మా మామయ్య గట్టిగా అంటారు. నిజమేనా? మా పాప స్కూలు ప్రాజెక్టులో రాయాలట.
- ఒక పాఠకురాలు, చీమకుర్తి

జవాబు: కాదమ్మా. రెంటిలోనూ 'గ్రా' ఉందని చుట్టరికం కలపకూడదు.

ఈ మాట ఇంగ్లీషులోకి 17వ శతాబ్దంలో వచ్చింది. మూలం ఇటాలియన్ 'గ్రానీతో', అంటే గింజలు గింజలుగా ఉన్నది. దాని వెనక లాటిన్ 'గ్రానుమ్' ఉంది, అర్థం గింజ. మీ చీమకుర్తి నల్లరాయి 'గ్యాలక్సీ' ఉందే, పాలిష్ పట్టిన దాని పలకను ఎండలో కాస్త వాల్చి చూడండి. నల్లటి రాయిలో బంగారు రవ్వలు దేనికది విడిగా మెరుస్తాయి. అవి బ్రాంజైట్ అనే ఖనిజం. గ్రానైట్‌కు ఆ పేరొచ్చింది ఇలా కంటికి ఆనే రవ్వను బట్టే, గట్టితనాన్ని బట్టి కాదు. అన్నట్టు, భూగర్భ శాస్త్రం లెక్కన మన గ్యాలక్సీ గాబ్రో జాతి రాయి. గ్రానైట్ అన్నది వ్యాపారంలో స్థిరపడ్డ పేరు. పాప ఈ సంగతి కూడా రాస్తే బాగుంటుంది.

ఇక గ్రావంతో చుట్టరికం ఎందుకు కుదరదో చెప్తాను. లాటిన్, సంస్కృతం, ఇంగ్లీషు ఒకే పాత భాష నుంచి చీలాయి. ఆ భాషలో 'గ'లు ఒకటి కాదు. ఒక రకం 'గ' లాటిన్‌లో అలాగే నిలిచింది, ఇంగ్లీషులో 'క' అయింది, సంస్కృతంలో 'జ' అయింది. మోకాలినే చూడండి. లాటిన్‌లో 'గెను', సంస్కృతంలో 'జాను' (ఆజానుబాహుడు అంటామే, అదే). ఇంగ్లీషు 'నీ' స్పెల్లింగ్‌లో ముందున్న 'కె'ని ఇప్పుడు పలకరు గానీ, ఒకప్పుడు పలికేవారు. ఇదే లెక్కలో గ్రానుమ్‌కు ఇంగ్లీషులో తోబుట్టువు 'కార్న్' (ధాన్యపు గింజ), సంస్కృతంలో 'జీర్ణ'. అవునమ్మా, అన్నం జీర్ణమైంది, గుడికి జీర్ణోద్ధరణ జరిగింది అంటామే, ఆ జీర్ణమే! ముదరడం, అరగడం ఆ ధాతువులోని భావాలు. ఇన్నేళ్లు పాఠం చెప్పినా ఈ వరస బోర్డు మీద రాసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరించేది.

గ్రావంలోని 'గ' వేరే రకం. అది సంస్కృతంలో 'గ'గానే ఉండి, ఇంగ్లీషులో 'క్వ' అయింది. వేదకాలంలో సోమలతను నలగ్గొట్టిన రాయి గ్రావం. కాబట్టి మీ మామయ్యగారి మాటకూ ఇంగ్లీషులో సొంత బంధువు ఉంది, అది 'క్వెర్న్'. అంటే తిరగలి.