ఎముక మజ్జ దానంపై నవ్విస్తూ అవగాహన కల్పించడానికి ఏ కళారూపం మంచిది?

కళాశాలలో ఎముక మజ్జ దానంపై వినోదంగా ప్రదర్శన ఇవ్వాలనుకుంటున్నామని, ఏ రూపం ఎంచుకోవాలో చెప్పమని అడిగారు. విద్యార్థులతో ఇటువంటివి చేయించిన అనుభవంతో బుర్రకథ వైపే మొగ్గుతాను.

కథకుడు విషయం వివరిస్తుంటే, జనం మనసులో ఉండి పైకి రాని భయాలన్నింటినీ హాస్యపు వంత (కథకుడి పక్కన నిలబడి నవ్వించే సహగాయకుడు) నోట పలికించవచ్చు. "వెన్నులో గునపం దించుతారటగా!" అని వంత వణికిపోతే అందరూ నవ్వుతారు, ఆ నవ్వు ఆరకముందే జవాబు రావాలి. మజ్జను వెన్నుపాము నుంచి తీయరు. ఇప్పుడు ఎక్కువ మంది దాతలకు నాలుగైదు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి, మజ్జలో ఉండి రక్తకణాలను తయారుచేసే మూలకణాలు రక్తంలోకి వచ్చేలా చేసి, యంత్రం ద్వారా వాటిని వేరుచేసి, మిగిలిన రక్తాన్ని తిరిగి ఎక్కిస్తారు. కొద్దిమందికి మాత్రం మత్తు ఇచ్చి కటి ఎముక నుంచి మజ్జ తీస్తారు. ఇంజెక్షన్ల రోజుల్లో ఒళ్లునొప్పులు, తలనొప్పి ఉంటాయన్న సంగతినీ వంత చేత అడిగించండి. అది దాచిపెడితే మిగతా మాటలనూ ఎవరూ నమ్మరు.

మా ప్రేక్షకులను అన్నిటికంటే ఆకట్టుకున్నది రంగు అట్టల ఆట. ఇద్దరిని తల్లిదండ్రులుగా నిలబెట్టి, ఒక్కొక్కరికి రెండేసి వేర్వేరు రంగుల అట్టలివ్వండి. పిల్లలుగా వచ్చినవారు ఇద్దరి దగ్గరా ఒక్కో అట్ట చూడకుండా తీసి, రంగులు రాసుకుని, తిరిగి ఇచ్చేయాలి. ఆ రంగులు హెచ్‌ఎల్‌ఏకు, అంటే దాతకూ రోగికీ కలవవలసిన కణాల మీది గుర్తులకు, ప్రతీకలు. ఇద్దరు తోబుట్టువులకు హెచ్‌ఎల్‌ఏ పూర్తిగా కలిసే అవకాశం సుమారు నాలుగింట ఒకటేనని ఆటలోనే తెలిసిపోతుంది. ఆ కలయిక వంశపారంపర్యంతో ముడిపడినది కనుక మన రోగులకు సరిపోయే దాత మన దేశస్థుల్లోనే దొరికే అవకాశం ఎక్కువ. 2009లో చెన్నైలో మొదలైన దాత్రి వంటి రిజిస్ట్రీల (దాతల పేర్లు నమోదు చేసే సంస్థల) అవసరాన్ని అక్కడే చెప్పాలి.

నవ్వు పూర్తిగా ఆగవలసిన ఘట్టం ఒకటుంది. మజ్జ మార్పిడికి ముందు తీవ్రమైన కీమోథెరపీతో రోగి మజ్జను నిర్మూలిస్తారు; ఆ దశలో దాత వెనక్కి తగ్గితే రోగి ప్రాణం పోవచ్చు. అందుకే చప్పట్ల ఊపులో దాతగా నమోదుకు కావలసిన బుగ్గ లోపలి నమూనా ఇప్పించడం నాకు సమ్మతం కాదు. ఇంట్లో మాట్లాడుకుని మరునాడు రమ్మనండి. మేము అలా చేసినప్పుడు వచ్చినవారు తగ్గారు గాని, కొందరు తల్లులను వెంటబెట్టుకుని వచ్చారు. ఆ తల్లులు మా వంతకు తట్టని ప్రశ్నలు వేశారు. తరువాతి ప్రదర్శనలో వాటినే చేర్చుకున్నాం.