కీలు నాటు మాటా? సంధి అంటేనే సరైనదా?

ప్రశ్న: మా అబ్బాయి ఆరో తరగతి. బంతిగిన్నె కీలు, మడతబందు కీలు, బొంగరపు కీలు, జారెడు కీలు, కదలని కీళ్లు అని సైన్సు పాఠం రాసుకొచ్చాడు. మా ఇంటికి వచ్చిన పెద్దాయన ఒకరు "కీలు అనేది తలుపులకూ బొమ్మలకూ చెప్పే నాటు మాట, మనిషి ఒంటికి సంధి అనాలి" అంటూ నోటుబుక్కులో అన్నీ దిద్దారు. ఆయన చెప్పింది సరైనదేనా? అలాగే మోకాలి కీలు అనాలా, మోకాటి కీలు అనాలా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

సమాధానం: అమ్మా, మీ అబ్బాయి రాసినదాంట్లో దిద్దాల్సింది ఒక్క చోటే ఉంది. అది కూడా ఆ పెద్దాయన చెప్పిన కారణంతో కాదు.

ముందు మాట పుట్టుక చూద్దాం. సంస్కృతంలో 'కీల' అంటే మేకు. మన కీలు అక్కడినుంచి వచ్చిందే. అనంతపురం సరిహద్దు పల్లెల్లో కన్నడం మాట్లాడేవాళ్లు 'కీలు నోవు' అంటారు, తమిళులు 'కీల్‌వాదం' అంటారు, మనం కీళ్లవాతం అంటాం. ఇన్ని భాషలవాళ్లు ఒంటి నొప్పికి వాడుకునే మాట నాటుది ఎట్లా అవుతుంది? కీలెరిగి వాత పెట్టమన్న సామెతలోనూ ఉన్నది ఈ కీలే.

ఇక అర్థంలో తేడా. సంధి అంటే కలయిక. రెండు అచ్చులు కలిసినా సంధే, ఇద్దరు రాజులు కలిసినా సంధే, రెండు ఎముకలు కలిసినా సంధే. కలిసిన తర్వాత కదులుతాయా లేదా అన్నది ఆ మాట చెప్పదు. కీలు అలా కాదు. కీలు అన్నామంటే అక్కడ ఏదో ఆడుతున్నదని అర్థం. ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్లు భుజం దగ్గరా మోచేతి దగ్గరా విడి తోలుముక్కలను దారంతో ముడివేస్తారు. ఆ ముడి దగ్గరే బొమ్మ చెయ్యి ఆడుతుంది. కీలుబొమ్మ అన్న మాటకు ప్రాణం ఆ ఆటలోనే ఉంది.

అందుకే నాకు గుచ్చుకునేది 'కదలని కీళ్లు' అన్న పేరు. పుర్రె ఎముకలు పెద్దవాళ్లలో ఒకదానికొకటి పళ్లు పళ్లుగా దిగి బిగిసిపోయి ఉంటాయి. పసిబిడ్డకు మాడు మెత్తగా ఉండేది అక్కడ ఎముకలు ఇంకా కలవకపోవడం వల్లే. అవి కలిసే చోటును కీలు అనడం కంటే సంధి అనడమే మేలు. దిద్దాల్సింది ఇక్కడ. పూర్వకాలపు వైద్యుడు సుశ్రుతుడు శరీరంలో 210 సంధులను లెక్కపెట్టి, వాటిని కదిలేవి, స్థిరమైనవి అని రెండుగా విడదీశాడు. రెంటికీ సంధి అన్న మాట ఆయనకు సరిపోయింది. పుర్రెలోని వాటికి ఆయన పెట్టిన పేరు 'తున్నసేవని', అంటే బట్టకు వేసిన కుట్టు. మనం 'కుట్టు సంధి' అంటే పిల్లలకు చెప్పకుండానే తెలుస్తుంది.

సుశ్రుతుడి సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. చంక దగ్గరా గజ్జ దగ్గరా ఉండే సంధికి ఆయన 'ఉలూఖలం' అన్నాడు. ఉలూఖలం అంటే రోలు! ఇంట్లో వస్తువును చూసి ఒంటికి పేరు పెట్టడం ఆయనకే తక్కువతనం అనిపించలేదు. మన పుస్తకాల్లోని బంతిగిన్నె ఆ దారిలోదే. తుంటి దగ్గర గిన్నె లోతుగా ఉంటుంది, భుజం దగ్గర లోతు తక్కువ. అందుకే చెయ్యి అన్ని వైపులా తిరుగుతుంది, అందుకే 'గూడ జారింది' అన్న మాట భుజానికే ఎక్కువగా వినిపిస్తుంది.

మడతబందు చక్కని పేరు. తలుపు ఒక్క దిక్కుకే తెరుచుకున్నట్టు మోచేయి ఒక్క వైపే మడుస్తుంది. మోకాలూ దాదాపు అంతే, మడిచినప్పుడు మాత్రం కొద్దిగా పక్కకు తిరుగుతుంది. మణికట్టులోని 8 చిన్న ఎముకలు ఒకదాని మీద ఒకటి కొంచెం కొంచెంగా జరుగుతాయి, జారెడు కీలు అంటే అది.

మెడలోని కీలుకు పెట్టిన బొంగరపు కీలు అన్న పేరు, దిద్దాల్సినంత తప్పు కాకపోయినా, నన్ను చాన్నాళ్లుగా కుదురుగా ఉండనివ్వడం లేదు. బొంగరం తన ముల్లు మీద తానే తిరుగుతుంది. మెడలో జరిగేది అది కాదు. మెడలోని రెండో పూసకు మేకులాంటి మొన ఒకటి పైకి లేచి ఉంటుంది. మొదటి పూస ఉంగరంలాంటిది, ఆ మొన చుట్టూ తిరుగుతుంది. విసుర్రాయిని తలుచుకోండి. కింది రాతిలో మేకు, ఆ మేకు చుట్టూ తిరిగే పైరాయి. దీన్ని 'విసుర్రాయి కీలు' అంటే ఆ అమరిక ఉన్నదున్నట్టు కళ్లకు కడుతుంది. కీల అంటే మేకు అని మొదట చెప్పాను కదా, ఆ లెక్కన ఒంట్లో ఆ పేరుకు అసలైన హక్కుదారు ఈ మెడ కీలే. పైరాయిలాగా గిర్రున తిరగదు, కొంతమేరే తిరుగుతుంది, అంతే తేడా. మీరు 'ఊహూ' అని తల అడ్డంగా తిప్పేటప్పుడు పనిచేసేది ఇది. 'ఊ' అని తల కిందికీ పైకీ ఊపేటప్పుడు పనిచేసేది దీని పైన, పుర్రె మొదటి పూస మీద ఆనిన చోటు.

చేతిలోనూ ఇలాంటి తిప్పుడు ఒకటుంది. సంగటి ముద్ద అందుకోవడానికి చెయ్యి వెల్లకిలా పెడతాం, పప్పులో అద్దడానికి బోర్లిస్తాం. అప్పుడు మోచేతి దగ్గర ముంజేతి ఎముకల్లో ఒకటి రెండోదాని పక్కన దొర్లుతుంది. మడత వేరు, ఈ తిప్పుడు వేరు. మోచేయి అని ఒక్క పేరుతో పిలుస్తున్నా అక్కడ రెండు రకాల కీళ్లున్నాయి.

మీ రెండో ప్రశ్న. రోలు రోటి అయినట్టు, నాగలి నాగటి అయినట్టు, మోకాలు మోకాటి అవుతుంది. మోకాటి చిప్ప, మోకాటి లోతు నీళ్లు అని మనవైపు అందరి నోటా వింటాం. కాలు కాలి అయినట్టు మోకాలి అన్నా తప్పు లేదు. మీ ఇంట్లో ఏది అంటారో మీ అబ్బాయిని అదే రాయమనండి.