ఐబీఎం 5150 (పాత ఐబీఎం పీసీ) మదర్‌బోర్డు తగిలించగానే పవర్ సప్లై ఆగిపోతోంది, షార్ట్ ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి?

సప్లై నుంచి బోర్డుకి వచ్చే పీ8, పీ9 ప్లగ్గులు తీసేసి ఫ్లాపీ డ్రైవ్ ఒక్కటే ఉంచితే 5, 12 వోల్టులు వస్తున్నాయి, బోర్డుకి పెట్టగానే పోతున్నాయి అన్నారు కదా, అయితే సప్లై బానే ఉందండి, షార్ట్ బోర్డు మీదే. నా 5150కీ అచ్చం ఇదే వచ్చింది. 1981 నాటి డిజైన్ అది, చింతపిక్కల్లా ఉండే ఆ టాంటలమ్ కెపాసిటర్లు పాతబడితే షార్ట్ అయిపోతాయి, ముందు అనుమానించాల్సింది 12 వోల్టుల లైన్ల మీదున్న వాటిని, కాబట్టి అప్పుడే ఐసీలు (చిప్పులు) పీకడం మొదలెట్టకండి.

మీటర్‌లో బజర్ కూసిందని షార్ట్ అనేసుకోవద్దు, చాలా మీటర్లలో ముప్పై ఓమ్స్ ఉన్నా కూస్తుంది, 5 వోల్టుల లైన్ మీద అన్ని చిప్పులు ఉన్నప్పుడు మంచి బోర్డుకి కూడా రీడింగ్ తక్కువే రావచ్చు. కార్డులన్నీ తీసేసి ఓమ్స్‌లో పెట్టి కార్డు స్లాట్ పిన్నుల దగ్గరే గ్రౌండ్‌కీ ఒక్కో లైన్‌కీ మధ్య కొలవండి, బీ1 గ్రౌండ్, బీ3 ప్లస్ 5, బీ5 మైనస్ 5, బీ7 మైనస్ 12, బీ9 ప్లస్ 12. నాకు బీ9 దగ్గర ఒక్క ఓమ్ కూడా రాలేదు, మిగతావన్నీ బానే ఉన్నాయి, అంటే షార్ట్ ప్లస్ 12 లైన్ మీదే.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు, ఎందుకంటే ఆ లైన్ మీద ఏ కెపాసిటర్‌ని కొలిచినా దాదాపు అదే రీడింగ్. నాకు పనికొచ్చింది మిల్లీవోల్టుల పద్ధతి. బెంచ్ సప్లైని (వోల్టేజ్, కరెంటు మనమే సెట్ చేసుకునేది) 1 వోల్ట్, 1 ఆంప్ దగ్గర లిమిట్ చేసి బోర్డు మీది పీ8 మూడో పిన్‌కి (ప్లస్ 12 లైన్) ప్లస్, ఐదో పిన్‌కి (గ్రౌండ్) మైనస్ ఇచ్చి, మీటర్‌ని మిల్లీవోల్టుల్లో పెట్టి ఒక్కో కెపాసిటర్ రెండు కాళ్ల మధ్య కొలుచుకుంటూ వెళ్లండి. కరెంటు అంతా షార్ట్ వైపే పోతుంది కాబట్టి దారిలో వోల్టేజ్ తగ్గుతూ వస్తుంది, అది దాటాక ఇంక తగ్గదు. అన్నిటికంటే తక్కువ ఎక్కడ వస్తే అదే. నాకు దొరికిన దాని మీద చిన్న మచ్చ కూడా లేదు, కంటితో చూసి అయితే జన్మలో పట్టుకోలేం. దాని ఒక కాలు టంకం తీసి లేపి బీ9 మళ్లీ కొలిస్తే షార్ట్ పోయింది.

పెద్ద ఏటీఎక్స్ సప్లై (ఇప్పటి పీసీల పవర్ సప్లై) తగిలించి షార్ట్‌ని కాల్చేయమని కొందరు చెప్తారు, దయచేసి ఆ పని చెయ్యొద్దు, కెపాసిటర్ కంటే ముందు ట్రాక్ కాలిపోవచ్చు, ఇలాంటి బోర్డు మళ్లీ దొరకదు.

మార్చేటప్పుడు 10 మైక్రోఫారడ్, 16 వోల్టుల దాని బదులు అదే 10 మైక్రోఫారడ్‌లో 25 గానీ 35 గానీ వోల్టులది వేయండి, కోఠి గుజరాతీ గల్లీలో అడిగి చూడండి. టాంటలమ్ మీద గీత ఉన్నది ప్లస్ కాలు, మామూలు ఎలక్ట్రోలిటిక్‌కి ఉల్టా. మైనస్ 12 లైన్ మీద అయితే ప్లస్ కాలు గ్రౌండ్‌కి పోతుంది, ఇది తప్పితే పవర్ ఇచ్చినప్పుడు పేలుతుంది, కళ్లద్దాలు పెట్టుకునే స్విచ్ వేయండి.

మీది 16-64కే బోర్డు (16 నుంచి 64 కేబీ మెమరీ పట్టే రకం) అయితే దాని మీది 4116 ర్యామ్ చిప్పులకి కూడా 12 వోల్టులు పోతాయి, కెపాసిటర్లలో ఏదీ తేలకపోతే సాకెట్లలో ఉన్న బ్యాంకులు (ర్యామ్ చిప్పుల వరసలు) తీసి మళ్లీ కొలవండి. బోర్డు ఏ రకమో, బీ9 దగ్గర ఎన్ని ఓమ్స్ వచ్చాయో ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.