గ్రాఫిక్స్ కార్డు బ్రాండ్ మారిస్తే విండోస్ కూడా మార్చాలా?

సందేహం: ఆరేళ్లుగా ఎన్‌విడియా కార్డు వాడాను. ఈమధ్యే దాన్ని తీసేసి ఏఎండీ రేడియాన్ కార్డు పెట్టాను. అప్పట్నుంచి గేమ్ మధ్యలో స్క్రీన్ నల్లబడుతోంది, ఆట తడబడుతోంది. విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయక తప్పదా?

జవాబు: ఆ టెన్షన్ ఇప్పుడే వద్దు. డ్రైవర్ (కార్డును విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) సంగతి చూసేముందు ఒకసారి క్యాబినెట్ తెరవండి. గేమ్ ఆడేటప్పుడే స్క్రీన్ పోతోందంటే నా మొదటి అనుమానం కరెంటు మీదే. మదర్‌బోర్డు స్లాట్ నుంచి కార్డుకు అందేది 75 వాట్లు, ఒక్కో 8 పిన్ కనెక్టర్ నుంచి 150 వాట్లు. కొత్త కార్డుకు అలాంటి సాకెట్లు రెండుంటే పవర్ సప్లై నుంచి రెండు వేర్వేరు కేబుళ్లు లాగండి. చాలామంది ఒకే కేబుల్‌కు వేలాడే రెండో కొసతో సరిపెట్టేస్తుంటారు. కేబుల్ చాలకపోతే మాత్రం వేరే పవర్ సప్లైకి చెందినది తెచ్చి పెట్టకండి. చూడటానికి ఒకేలా ఉన్నా లోపలి వైరింగ్ వేరుగా ఉండొచ్చు, కార్డు కాలిపోయే ప్రమాదం ఉంది.

అక్కడ అంతా బాగుంటే అప్పుడు డ్రైవర్. రెండు కంపెనీల డ్రైవర్లు ఒకే విండోస్‌లో ఉండటం నేరమేమీ కాదు. ఎన్నో ల్యాప్‌టాప్‌లలో ఇంటెల్, ఎన్‌విడియా పక్కపక్కనే కాపురం చేస్తున్నాయి. పేచీ పెట్టేది పాత కార్డు వదిలివెళ్లిన సామానే: వెనకాల నడిచే సర్వీసులు, గేమ్ మీద కనిపించే ఓవర్‌లే లాంటివి. కార్డు వేగం పెంచడానికి ఆఫ్టర్‌బర్నర్ లాంటి ఓవర్‌క్లాకింగ్ ప్రోగ్రామ్ వాడి ఉంటే దాన్ని తప్పక చూడండి. పాత కార్డు కోసం సెట్ చేసిన ప్రొఫైల్ విండోస్‌తోపాటే మొదలవుతుంటే దాన్ని తీసేయండి.

శుభ్రం చేయడానికి డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. అందరూ డీడీయూ అంటారు. ముందుగా దాన్నీ, ఏఎండీ సైట్ నుంచి మీ మోడల్‌కు సరిపడే అడ్రినలిన్ డ్రైవర్‌నూ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. తర్వాత ఇంటర్నెట్ ఆపేయండి. లేదంటే మీరు తుడిచేలోపే విండోస్ అప్‌డేట్ తనకు తోచిన డ్రైవర్ తెచ్చి పెట్టేస్తుంది. షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ క్లిక్ చేస్తే వచ్చే మెనూల్లో స్టార్టప్ సెట్టింగ్స్‌కు వెళ్లి సేఫ్ మోడ్ (అత్యవసరమైన వాటితోనే విండోస్ నడిచే పద్ధతి) ఎంచుకోండి. డీడీయూలో జీపీయూ అని, దాని కింద ఎన్‌విడియా అని ఎంచుకుని క్లీన్ చేసి రీస్టార్ట్ అవ్వండి. పాత కార్డు ఇప్పటికే బయటికి తీసేసినా ఇది పనిచేస్తుంది. ఇక కొత్త డ్రైవర్ వేసి, ఆ తర్వాతే నెట్ కలపండి.

ఒక్క జాగ్రత్త. సేఫ్ మోడ్‌కు వెళ్లేముందు మీ డ్రైవ్‌కు బిట్‌లాకర్ (డ్రైవ్‌లోని డేటాకు తాళం వేసే విండోస్ సదుపాయం) ఉందేమో చూసి, రికవరీ కీ ఫోన్‌లోనో కాగితం మీదో రాసుకోండి. కీ లేకుండా, దాన్ని అడిగే నీలం తెర ముందు కూర్చోవడం పగవాడికి కూడా వద్దు.

తడబాటు ఇంకా ఉంటే మదర్‌బోర్డు సెట్టింగ్స్ ఉండే బయోస్‌లో అబవ్ 4జీ డీకోడింగ్, రీసైజబుల్ బార్ ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. కార్డు మెమరీ మొత్తాన్నీ ప్రాసెసర్ ఒకేసారి అందుకోవడానికే ఈ రెండూ. రెండోదాన్నే ఏఎండీ స్మార్ట్ యాక్సెస్ మెమరీ అంటుంది. దీనికి సీఎస్ఎం (పాత పద్ధతిలో బూట్ అవడానికి ఉండే సెట్టింగ్) ఆఫ్‌లో ఉండాలి. మీ విండోస్ పాత ఎంబీఆర్ పద్ధతి డిస్క్ మీద ఉంటే మాత్రం సీఎస్ఎం ఆపగానే సిస్టమ్ బూట్ కాదు. కంగారు పడకుండా మళ్లీ ఆన్ చేస్తే వచ్చేస్తుంది.

సందేహం: నేనూ అలాగే మారాను. గేమ్స్ బాగానే ఉన్నాయి కానీ, స్క్రీన్ రికార్డ్ చేసే ఓబీఎస్ ప్రోగ్రామ్‌లో రికార్డింగ్ మొదలుపెడితే ఎర్రర్ వస్తోంది. 3డీ బొమ్మలు చేసే బ్లెండర్‌లో రెండర్ కూడా బాగా నెమ్మదించింది.

జవాబు: రెండూ ఇంకా పాత కార్డునే వెతుక్కుంటున్నాయి. ఓబీఎస్ అవుట్‌పుట్ సెట్టింగ్స్‌లో ఎన్‌విడియా ఎన్‌కోడర్ ఎన్‌వెంక్ బదులు ఏఎండీ హార్డ్‌వేర్ ఎన్‌కోడర్ పెట్టండి. బ్లెండర్ ప్రిఫరెన్సెస్‌లో సిస్టమ్ విభాగానికి వెళ్లి సైకిల్స్ అనే రెండర్ ఇంజిన్ కోసం ‘కూడా’ బదులు ఏఎండీ వారి హిప్ ఎంచుకోండి. ఇక్కడ ‘కూడా’ అంటే ఎన్‌విడియా వారి సీయూడీఏ, మన ‘కూడా’ కాదు! దాని మీదే ఆధారపడ్డ సాఫ్ట్‌వేర్ ఇంకేమైనా వాడుతుంటే, అది ఏఎండీ మీద నడుస్తుందో లేదో పాత కార్డు అమ్మేయకముందే చూసుకోండి.